టర్బో పరిమాణ నిర్ణయము

ఇంజనునుండి వెలువడి వ్యర్థముగా గాలిలో కలిసిపోవు పొగచేతనే ఒక చక్రమును త్రిప్పించి, అదే ఇరుసునకు తగిలించిన రెండవ చక్రముచేత బయటిగాలిని నొక్కి సిలిండరులలోనికి పంపు ఉపాయమునకు స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లో పేటెంటు పొందెను. ఉపాయము పాతదే గాని, ఏ ఇంజనునకెంత టర్బో తగునను వివాదము నేటికిని ప్రతి షెడ్డులోను వినబడుచునే యున్నది. "అన్నా, ఉన్నవాటిలో పెద్దది బిగించెయ్యి" అను కుర్రవారిని చూచినపుడెల్ల, వీరు కొలుచుచున్నది బండిని గాక మిత్రులతో చెప్పుకొనవలసిన హార్స్‌పవరునని నాకు తోచును.

లెక్క కఠినమైనది కాదు. ఫోర్‌స్ట్రోక్ ఇంజను రెండుచుట్లకొకసారి మాత్రమే నిండుగా గాలి పీల్చును గనుక, రెండులీటర్ల ఇంజను 6000 చుట్లయొద్ద నిమిషమునకు అత్యధికముగా 6000 లీటర్లు తీసికొనును, దానిపై 0.7 బారు అదనపు పీడనమునిచ్చినచో పీడననిష్పత్తి సముద్రతీరమున 1.7 అగును, కొండలపై వాతావరణపీడనము తగ్గుటచేత ఇంకను హెచ్చును. ఆ పీడనమునకు తగినట్లు పెంచిన గాలిప్రవాహమును అడ్డముగను, పీడననిష్పత్తిని నిలువుగను కంప్రెసర్ మ్యాప్‌పై గుర్తించినపుడు, బిందువు ఎడమగీత దాటినచో గాలి వెనుకకు తన్నును, దానినే సర్జ్ అందురు. కుడియంచు దాటినచో చక్రమెంత తిరిగినను గాలి పెరుగక వేడిమియే పెరుగును. అయితే 6000 చుట్ల బిందువొక్కటే గుర్తించి తృప్తిపడువారు పలువురు. ఊరి రద్దీలో బండి నిత్యము మసలు 2500 చుట్ల బిందువును గుర్తింపనిదే నిర్ణయము పూర్తికాదు.

ఏలయనగా ఒకే ఆకృతి, ఒకే లోహము గల చక్రముల జడత్వము వ్యాసముయొక్క ఐదవ ఘాతముననుసరించి పెరుగును. వ్యాసము పదింట ఒకవంతు పెంచినంతనే జడత్వము ఒకటిన్నర రెట్లను మించిపోవును; యాక్సిలరేటరు తొక్కిన తరువాత పికప్పు కొరకు ఎదురుచూడవలసివచ్చుటకు ముఖ్యకారణమిదియే. 1975 నాటి పోర్షే 911 టర్బో, మూడులీటర్ల ఇంజనుతో 260 హార్స్‌పవరు నిచ్చినను, ఆ బలము ఆలస్యముగా, ఒక్కుమ్మడిగా వచ్చుటచే మలుపులలో నేర్పరులను సైతము భయపెట్టెను. స్వీడనులో పేర్ గిల్‌బ్రాండ్ మొదలగు సాబ్ ఇంజనీర్లు చిన్న టర్బోనే ఎంచుకొని, పీడనము మితిమీరకుండ పొగను ప్రక్కదారి పట్టించు వేస్ట్‌గేటును జతచేసిరి. 1977లో ప్రదర్శింపబడిన సాబ్ 99 టర్బో 145 హార్స్‌పవరుతోనే తృప్తిపడినను, తన గరిష్ఠ టార్కును 3000 చుట్లకే అందించెను. నా పక్షపాతము సాబ్ వైపే.

కోయంబత్తూరు కరి స్పీడ్‌వేపై, ముల్లు 5000కు దిగకుండ గేర్లు మార్చుచు పందెమాడువానికి మాత్రము పెద్ద టర్బోయే తగును; అతడు పిస్టనులకు, క్లచ్చునకు, ఇంటర్‌కూలరునకు అగు ఖర్చును కూడ ముందే లెక్కలో చేర్చుకొనియుండును.