తెలుగు ముస్లిం సాహిత్య విమర్శలో ‘శాఖ’: భేదం, ఐక్యత – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు ముస్లిం సాహిత్యంపై వచ్చిన విమర్శ ముస్లిం సమాజాన్ని బయటి ప్రపంచంతో దానికున్న సంబంధం నుండే ఎక్కువగా పరిశీలించింది. లోపలి భేదాలను ప్రస్తావించవలసి వచ్చినప్పుడు ‘శాఖ’, ‘తెగ’, ‘వర్గం’ అనే మాటలను ఒకదానికి బదులు మరొకటిగా వాడింది. ఈ పదాల అస్పష్టత వల్ల పీరీల పండుగ, దర్గా, సంస్కరణోద్యమం వంటి అంశాలపై విమర్శ చేసే తీర్పులు ఏ విధంగా పక్కదారి పడుతున్నాయో చూపడం, ఐక్యతకూ ఏకరూపతకూ మధ్య ఉన్న తేడాను స్పష్టం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ముస్లింవాద సాహిత్యం, మజ్‌హబ్, మస్లక్, ఫిర్ఖా, బిరాదరీ, పీరీల పండుగ, ఇత్తెహాద్.

1. ప్రవేశిక:
ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991) తెలుగు కవిత్వంలో ముస్లిం అస్తిత్వ ప్రకటనకు బలమైన ఆరంభం. స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ‘జల్‌జలా’ (1998) దానిని ఒక సామూహిక స్వరంగా నిలబెట్టింది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ (1999), ‘వతన్’ కథాసంకలనం (2004), షాజహానా ‘నఖాబ్’ (2005) ఈ సాహిత్యానికి ఇంటి లోపలి జీవితాన్నీ, స్త్రీ అనుభవాన్నీ చేర్చాయి. ఈ రచనలపై వచ్చిన విమర్శ మైనారిటీ స్థితి, దేశభక్తి పరీక్ష, మతోన్మాదం, పేదరికం, పరదా అనే అంశాలను విస్తారంగా చర్చించింది. బాబ్రీ మసీదు కూల్చివేత తరువాతి కాలంలో అది అవసరమైన పని కూడా.

అయితే ఆ చర్చలో ‘ముస్లిం’ అనే మాట ఒకే ముద్దగా కనిపిస్తుంది. కథలో ఒక పాత్ర దర్గాకు వెళ్ళడం, మరో పాత్ర దానిని తప్పుపట్టడం వంటి ఘట్టాలు వచ్చినప్పుడు విమర్శకులు దానిని ‘ఉదార – ఛాందస’ అనే రెండు గదుల్లో సర్దివేయడం పరిపాటి. ఆ రెండు పాత్రల మధ్య నిజంగా ఉన్న భేదం ఎటువంటిది? అది ధర్మశాస్త్ర భేదమా, విశ్వాస భేదమా, సంస్కరణ పంథాల భేదమా, కులభేదమా? ఈ ప్రశ్న వేయకుండా పాత్రను అంచనా కట్టడం సాధ్యం కాదు. ఎవరు ‘అసలైన’ ముస్లిం అనే తీర్పు దీని వెనుకనే దాగి ఉంటుంది గనుక ఇది పదాల దగ్గర ఆగిపోయే సమస్య కాదు.

2. ‘మతం’, ‘మజ్‌హబ్’ – రెండు మాటల ప్రయాణం:
తెలుగులో ‘మతం’ అనే మాటకు తొలి అర్థం అభిప్రాయం, సిద్ధాంతం. అద్వైత మతం, విశిష్టాద్వైత మతం అన్నప్పుడు ఆ అర్థమే నేటికీ నిలిచి ఉంది. కాలక్రమంలో అదే మాట హిందూమతం, ఇస్లాం మతం అనే విస్తృతార్థంలో స్థిరపడింది. అరబ్బీలోని ‘మజ్‌హబ్’ కూడా ఇటువంటి ప్రయాణమే చేసింది. నడిచే దారి అనే అర్థం నుండి అది ఒక ధర్మశాస్త్ర సంప్రదాయానికి పేరయింది. ఉర్దూలోకి వచ్చేసరికి ‘మతం’ అనే అర్థమే ప్రధానమయింది. రెండు భాషల్లోనూ ఒక ఆలోచనా మార్గాన్ని సూచించిన మాట మొత్తం ధర్మానికి పేరుగా మారడం గమనార్హం.

ఈ మార్పు వల్ల తెలుగులో ఒక ఖాళీ ఏర్పడింది. మొత్తానికి ‘మతం’ అనే పేరు పెట్టిన తరువాత దాని లోపలి మార్గాలకు ‘శాఖ’ తప్ప వేరే మాట మిగలలేదు. శాఖ అంటే కొమ్మ. కొమ్మ అనగానే నడిమిమాను ఒకటి ఉందనీ, కొమ్మలు దాని నుండి పక్కకు వెళ్ళాయనీ స్ఫురిస్తుంది. ఎవరిని మానుగా, ఎవరిని కొమ్మగా భావించాలన్నదే అసలు వివాదమైనప్పుడు, ఆ మాట వివాదాన్ని ముందుగానే ఒక పక్షానికి తీర్చేస్తుంది.

3. నాలుగు రకాల భేదాలు:
‘శాఖ’ కింద కలిసిపోయిన భేదాలను కనీసం నాలుగుగా విడదీయవలసి ఉంటుంది.

మొదటిది మజ్‌హబ్. సున్నీ సంప్రదాయంలో అబూ హనీఫా (మ. 767), మాలిక్ (మ. 795), షాఫియీ (మ. 820), అహ్మద్ ఇబ్న్ హంబల్ (మ. 855) పేర్లతో నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాలు ఉన్నాయి. నమాజులో చేతులు ఎక్కడ కట్టుకోవాలి, ‘ఆమీన్’ బిగ్గరగా అనాలా వంటి విషయాల్లో ఇవి భేదిస్తాయి. కాని ఒకదాని ప్రామాణికతను మరొకటి అంగీకరిస్తుంది. తెలంగాణ ముస్లింలలో అత్యధికులు హనఫీలు. హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌత్ అరబ్బు కుటుంబాలది షాఫియీ సంప్రదాయం.

రెండవది ఫిర్ఖా, అంటే విశ్వాస విభాగం. ప్రవక్త మరణానంతరం (632) నాయకత్వం ఎవరిదనే ప్రశ్నపై మొదలై, కర్బలా (680) తరువాత గాఢమైన షియా – సున్నీ భేదం ఇటువంటిది. సయ్యద్ ముహమ్మద్ జౌన్‌పురీ (1443–1505)ని మహ్దీగా విశ్వసించే మహ్దవీలను కూడా ఈ కోవలో పరిశీలించాలి. హైదరాబాద్ చంచల్‌గూడ వారి ముఖ్య నివాసాల్లో ఒకటి.

మూడవది మస్లక్, అంటే పంథా. 1866లో దేవ్‌బంద్‌లో మొదలైన మదరసా సంప్రదాయం, అహ్మద్ రజా ఖాన్ (1856–1921) పేరుతో నిలిచిన బరేల్వీ సంప్రదాయం, ఏ ఒక్క మజ్‌హబ్‌కూ కట్టుబడని అహ్లె హదీస్ ఈ కోవకు చెందుతాయి. దేవ్‌బందీ, బరేల్వీ – ఇరువురూ హనఫీలే. ధర్మశాస్త్రంలో ఒకే సంప్రదాయం వారైనా, భారతదేశంలో తీవ్రమైన వాదోపవాదాలు వీరి మధ్యనే సాగాయి. ఈ రెంటినీ రెండు ‘శాఖలు’ అని వదిలేస్తే, ఇంత దగ్గరివారి మధ్య ఇంత ఎడం ఎందుకు వచ్చిందనే కీలకమైన ప్రశ్న కనుమరుగవుతుంది.

నాలుగవది బిరాదరీ, అంటే పుట్టుక ద్వారా వచ్చే సమూహం. సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ అనే గౌరవ శ్రేణి ఒకవైపు, దూదేకుల, లద్దాఫ్, ఫకీర్, కసాబ్ వంటి వృత్తి సమూహాలు మరొకవైపు ఉన్నాయి. దీనికి విశ్వాసంతో సంబంధం లేదు. కాని మసీదు వెలుపల, పెళ్ళి సంబంధాల్లో దీని ప్రభావం తక్కువేమీ కాదు.

ఈ కలగలుపు సాహిత్యానికే పరిమితం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో బీసీ–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించినప్పుడు మినహాయించిన సమూహాల జాబితాలో సయ్యద్, మొగల్, పఠాన్‌ల పక్కనే బోహ్రాలు, షియా ఇమామీ ఇస్మాయిలీ ఖోజాలు కూడా చేరారు. పుట్టుకను బట్టి ఏర్పడిన సమూహాలూ, విశ్వాసాన్ని బట్టి గుర్తింపు పొందినవీ ఒకే వరుసలో నిలిచాయి. పాలనా అవసరానికి ఆ వరుస సరిపోవచ్చు. సాహిత్య విమర్శకు సరిపోదు.

4. ‘ఇత్తెహాద్’ – ఐక్యతకు స్థానిక చరిత్ర:
దక్కన్ చరిత్రలో ఈ భేదాలు సహజీవనం చేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. వారి కాలపు బాద్‌షాహీ ఆశూర్‌ఖానా 16వ శతాబ్ది చివరి దశకం నాటిది. తరువాత వచ్చిన ఆసఫ్‌జాహీలు సున్నీలు. అయినా మొహర్రం ఆదరణ ఆగలేదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి స్మృతిగా అజాఖానా జెహ్రాను నిర్మించాడు. 1876లో ఏర్పడిన జామియా నిజామియా హనఫీ ధర్మశాస్త్రాన్నీ సూఫీ సంప్రదాయాన్నీ కలిపి బోధించింది.

‘ఐక్యత’ ఒక సంస్థ పేరుగా నిలిచింది 1927లో. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ తొలి లక్ష్యాల్లో వివిధ ఫిర్ఖాల ముస్లింలను ఒక వేదికపైకి తేవడం ఒకటి. 1938లో దానికి అధ్యక్షుడైన బహదూర్ యార్ జంగ్ (1905–1944) స్వయంగా మహ్దవీ. మహ్దవీల విశ్వాసాన్ని అంగీకరించని సున్నీ పండితులు ఎందరో ఉన్న కాలంలో, సున్నీలు అధికంగా ఉన్న సంస్థకు ఒక మహ్దవీ నాయకత్వం వహించగలిగాడు. ఇది ఆ ఐక్యత సాధించిన ఫలితమే. కాని అదే సంస్థ క్రమంగా రాజ్యాధికార పరిరక్షణను తన ధ్యేయంగా చేసుకున్నది. 1946లో ఖాసిం రజ్వీ నాయకత్వంలోకి వెళ్ళి, 1948 నాటి పరిణామాలకు దారితీసింది. విశ్వాస భేదాలను పక్కన పెట్టగలిగిన ఆ ఐక్యతకు బిరాదరీ భేదాలు ప్రధాన ప్రశ్న కాలేదు. ఉర్దూ రాని పల్లె దూదేకుల దాని సభల భాషకు బయటనే ఉండిపోయాడు. ఐక్యత ఎవరెవరిని కలుపుతుందన్నది ఎంత ముఖ్యమో, దాని దృష్టికి ఎవరు రాలేదన్నదీ అంత ముఖ్యమని ఈ చరిత్ర తెలుపుతున్నది.

5. సాహిత్యం లోపలికి చూసిన సందర్భం:
‘జల్‌జలా’ తరం బయటి నుండి వచ్చే దాడికి ఎదురు నిలిచింది గనుక ‘మేము’ అనే సర్వనామాన్ని విశాలంగా వాడింది. ఆ ‘మేము’లో ఎవరున్నారనే ప్రశ్నను యాకూబ్ ‘అవ్వల్ కల్మా’ కవిత లేవనెత్తింది. ముస్లింలలోని అట్టడుగు కులాల వారి భాష, వృత్తి, అవమానం వేరని చెప్పడం ద్వారా అది బిరాదరీ భేదాన్ని కవిత్వ వస్తువుగా నిలిపింది. కవిత శీర్షిక గమనింపదగినది. అవ్వల్ కల్మా విశ్వాసంలోకి ప్రవేశించే తొలి వాక్యం. దాని ముందు అందరూ సమానులే. ఆ సమానత్వాన్ని ఒప్పుకుంటూనే, ఆచరణలో అది ఎందుకు లేదని అడగడానికి ఆ శీర్షిక చోటిచ్చింది. ఐక్యతకు ఇది ద్రోహమనే అభ్యంతరం సహజంగానే వస్తుంది. అయితే భేదాన్ని పుట్టించింది కవిత కాదు; ఉన్న భేదానికి అది పేరు పెట్టింది.

బిరాదరీ విషయంలో జరిగిన ఈ చర్చ మస్లక్ విషయంలో తగినంతగా జరగలేదు. నిజామాబాద్ జిల్లాను తీసుకుంటే, తూర్పున కమ్మర్‌పల్లి నుండి పడమర బోధన్ వరకు జీవితం ఒకే తీరున లేదు. చక్కెర కర్మాగారం చుట్టూ పెరిగిన బోధన్, జిల్లా కేంద్రమైన నిజామాబాద్ వంటి పట్టణాల్లో ఏ పంథా వారు తమకు నచ్చిన మసీదును ఎంచుకొనే వీలుంటుంది. ఒకే మసీదు ఉన్న పల్లెలో ఆ వీలుండదు. భేదాలన్నీ ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడవలసిందే. కమ్మర్‌పల్లి, మోర్తాడ్, ఆర్మూర్ ప్రాంతాల నుండి గల్ఫ్‌కు సాగిన వలస దీనికి మరో కోణం చేర్చింది. వర్ని ప్రాంతపు బడాపహాడ్ దర్గాకు మొక్కుకొనే తండ్రి, ఎడారి దేశంలో వేరే ఆచరణను చూసి వచ్చిన కొడుకు ఒకే ఇంట్లో ఉండగల పరిస్థితి ఇది. ఇటువంటి ఇంటిని చిత్రించే కథను ‘తరాల అంతరం’ అని చదివితే సగమే చదివినట్లు.

6. పీరీల పండుగ – ఏ గదిలో ఇమడనిది:
ఈ పద సమస్య అత్యంత స్పష్టంగా కనిపించేది పీరీల పండుగ విషయంలో. దాని మూలస్మృతి షియాలది. తెలంగాణ పల్లెల్లో పీరీలను నిలిపేది చాలాచోట్ల సున్నీ కుటుంబాల వారు. దట్టీలు కట్టి, కుడుకలు సమర్పించి, అలావా చుట్టూ ఆడేవారిలో హిందువులే ఎక్కువ. షియా దృష్టిలో అది శోకదినం. పల్లె దృష్టిలో అది పండుగ. దీనిని ఏ ‘శాఖ’ కింద చేర్చాలి?

విమర్శకులు దర్గానూ పీరీలనూ కలిపి ‘సూఫీ సంస్కృతి’ అనడం మరో పొరపాటు. దర్గా సందర్శనను సమర్థించిన అహ్మద్ రజా ఖాన్ తాజియాల చుట్టూ పెరిగిన ఆచారాలను వ్యతిరేకించాడు. అందువల్ల దర్గాను గౌరవించే పాత్ర పీరీలను కాదనవచ్చు. అందులో వైరుధ్యం లేదు.

అనంతపురం ప్రాంతపు గూగూడు కుళ్ళాయప్ప ఉత్సవంపై అఫ్సర్ మహమ్మద్ చేసిన పరిశోధన (2013) ఈ విషయంలో మార్గదర్శకం. స్థానిక ఆచరణకూ ‘అస్లీ ఇస్లాం’ అనే భావనకూ మధ్య పల్లెలోనే నడిచే సంభాషణను అది పరిశీలించింది. తెలుగు విమర్శలో మాత్రం రెండు తీర్పులే ఎక్కువగా వినిపిస్తాయి. పీరీలు అజ్ఞానమని, సంస్కరణతో పోవలసినవని ఒక తీర్పు. పీరీలే అసలైన తెలంగాణ ఇస్లామని, సంస్కరణ అరబ్బు దిగుమతి అని మరో తీర్పు. మొదటిది పల్లె ముస్లింను సగం ముస్లింగా చూస్తుంది. రెండవది సంస్కరణను ఎంచుకున్న ముస్లింను సగం తెలుగువాడిగా చూస్తుంది. ‘నువ్వు దూదేకులవే కదా’ అన్న మాట పడిన యువకుడికి సంస్కరణ మసీదులోని సఫ్ సమాన గౌరవాన్ని ఇచ్చి ఉండవచ్చు. అతని ఎంపికను పరాయీకరణ అని కొట్టివేసే విమర్శ, తాను ఖండించే వెలివేతనే మరో రూపంలో చేస్తున్నది.

7. ముగింపు:
ఇస్లామీయ ఆలోచనలో భేదాన్ని అంగీకరించే ఐక్యతకు బలమైన ఆధారాలు ఉన్నాయి. 1959లో అల్ అజ్‌హర్ అధిపతి మహమూద్ షల్తూత్ షియాల జాఫరీ ధర్మశాస్త్రాన్ని అనుసరణీయమని ప్రకటించాడు. 2005లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో సమావేశమైన పండితులు ఎనిమిది మజ్‌హబ్‌లను గుర్తించి, వాటిని అనుసరించేవారిని అవిశ్వాసులనడం తగదని తీర్మానించారు. ఈ ప్రకటనలు భేదాలను చెరిపివేయలేదు. వాటిని పేరుపేరునా చెప్పి, వెలివేతను మాత్రమే నిషేధించాయి. ఈ ప్రకటనల తరువాత కూడా హింస ఆగలేదన్నది నిజమే. అయినా ఐక్యతను ఏకరూపతగా భావించనవసరం లేదని అవి చూపాయి.

తెలుగు విమర్శ చేయవలసిన పని ఇంతకంటె చిన్నదే. మజ్‌హబ్, ఫిర్ఖా, మస్లక్, బిరాదరీ అనే మాటలను తెలుగు పాఠకుడికి పరిచయం చేసి, ఏ సందర్భంలో ఏది వర్తిస్తుందో చూసి వాడాలి. పాత్ర ఏ భేదం మీద నిలబడి మాట్లాడుతున్నదో గుర్తించిన తరువాతనే దానిని అంచనా వేయాలి. ముస్లిం పాత్ర ఎంతవరకు ముస్లిం, ఎంతవరకు తెలుగు అని కొలిచే పని సాహిత్య విమర్శది కాదు. కులాన్ని ప్రస్తావించినందువల్ల ముస్లింవాద సాహిత్యం బలహీనపడలేదు. దాని ‘మేము’లోకి మరికొందరు వచ్చారు. పంథాల భేదాన్ని నిష్పాక్షికంగా చర్చించడం ద్వారా ఆ ‘మేము’ మరింత విస్తరించే అవకాశం ఉంది.