స్వభావోక్తి – వ్యక్తిగత శైలి: హెలెన్ లెవిట్ బాలల ఛాయాచిత్రాలు

ఉపోద్ఘాతం

ఉన్నదాన్ని ఉన్నట్లు చూపడంలో కర్త ప్రత్యేకత ఎక్కడ ఉంటుందన్నది అలంకారశాస్త్రంలో పాత వివాదం. దండి స్వభావోక్తిని మొదటి అలంకారంగా పరిగణించాడు. కుంతకుడు దాని అలంకారత్వాన్నే నిరాకరించాడు. వస్తుస్వభావమే అలంకారమైతే అలంకరించవలసిన వస్తువు వేరే ఏముంటుందన్నది అతని ఆక్షేపణ. మమ్మటుడు ఈ అలంకారానికి లక్షణం చెబుతూ మొట్టమొదట శిశువులనే పేర్కొనడం గమనార్హం. తెలుగులో పోతన దశమస్కంధంలోని బాలకృష్ణుని చేష్టల వర్ణనలు ఈ సందర్భంలో స్ఫురిస్తాయి.

క్యాండిడ్ ఛాయాచిత్రణ, అంటే ఎదుటివారిని సిద్ధంచేయకుండా సహజస్థితిలో చిత్రించడం, ఇదే ప్రశ్నను మరింత తీవ్రంగా ముందుకు తెస్తుంది. ఇక్కడ రూపాన్ని నమోదు చేసేది యంత్రం. అయినా కొందరి చిత్రాలను చూడగానే కర్తను గుర్తించగలుగుతాం. అమెరికన్ ఛాయాచిత్రకారిణి హెలెన్ లెవిట్ (1913–2009) బాలల చిత్రాల ఆధారంగా ఈ శైలి ఎలా రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

స్టూడియో నుంచి వీధికి

బ్రూక్లిన్‌లో పుట్టిన లెవిట్ 18 ఏళ్ల వయసులో బ్రాంక్స్‌లోని ఒక పోర్ట్రెయిట్ స్టూడియోలో పనికి చేరి డార్క్‌రూమ్ విద్య నేర్చుకుంది. వెలుగును అమర్చి, మనిషిని కూర్చోబెట్టి, ముఖాన్ని సిద్ధంచేసే పద్ధతి అది. 1935లో హెన్రీ కార్టియే-బ్రెస్సాన్‌తో పరిచయమైన తర్వాత చిన్న లైకా కెమెరాతో వీధుల్లోకి వచ్చింది. 1937లో పిల్లలకు చిత్రలేఖనం బోధిస్తున్న కాలంలో, గోడల మీదా రోడ్ల మీదా వారు సుద్దముక్కలతో గీసిన బొమ్మలు ఆమెను ఆకర్షించాయి. ముందు ఆ గీతలనూ, వాటితోపాటు గీసినవారినీ చిత్రించింది. పిల్లల ముఖాల కంటే ముందు వారి పనులు ఆమె దృష్టిలో పడ్డాయన్నది ఈ క్రమంలో కీలకం. 1943లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో జరిగిన ఆమె ప్రదర్శన కూడా బాలల చిత్రాలదే.

ముఖం కాదు, చేష్ట

సుమారు 1940 నాటి ఒక చిత్రంలో ఇద్దరు పిల్లలు అద్దం పగిలిపోయిన పెద్ద చట్రాన్ని నిలబెట్టి పట్టుకున్నారు. ఖాళీ చట్రంలోంచి సైకిలు మీది చిన్నవాడు కనిపిస్తాడు. రోడ్డు అంచున మరికొందరు వంగి పెంకులు ఏరుతున్నారు. ఎవరూ కెమెరాను పట్టించుకోవడం లేదు. చిత్రంలో కేంద్రమనదగిన ముఖం ఒక్కటీ లేదు. అదే కాలానికి చెందిన మరో చిత్రంలో పండుగ మాస్కులు ధరించిన ముగ్గురు పిల్లలు ఇంటి మెట్ల మీద నిలిచి ఉన్నారు. ముఖాలు కనబడకపోయినా నిలుచున్న తీరులోనే ఎవరి స్వభావం వారిది. పోర్ట్రెయిట్ అంటే ముఖచిత్రణ అన్న స్టూడియో భావన ఇక్కడ తలకిందులైంది.

లూయిస్ హైన్ 1908 నుంచి జాతీయ బాలకార్మిక సంఘం కోసం తీసిన చిత్రాలతో పోల్చితే ఈ భేదం స్పష్టమవుతుంది. హైన్ చిత్రాల్లో చాలాచోట్ల మిల్లుల్లోని పిల్లలు కెమెరాకు ఎదురుగా నిలబడి చూపరి కళ్లలోకి చూస్తారు. వారు సాక్షులు, వారి చిత్రాలు సాక్ష్యాలు. లెవిట్ పిల్లలు దేనికీ సాక్ష్యం చెప్పరు. ఆటలో మునిగి ఉంటారు.

కుంతకుని ఆక్షేపణకు మహిమభట్టు ఇచ్చిన సమాధానం ఇక్కడ ఉపకరిస్తుంది. వస్తువుకు సామాన్యరూపం, విశేషరూపం అని రెండుంటాయనీ, రెండోది ప్రతిభకే గోచరిస్తుందనీ అతని వాదం. పిల్లలు ఆడుకుంటారన్నది సామాన్యం. పగిలిన అద్దం చట్రం ఒక ద్వారంగా మారిన క్షణం విశేషం. యంత్రం రెండింటినీ నమోదు చేయగలదు, ఎంచుకోలేదు. ఆ ఎంపిక మీట నొక్కడంతో ముగియదు. కార్టియే-బ్రెస్సాన్ నెగెటివ్‌ను కత్తిరించడానికి విముఖుడు. లెవిట్ మాత్రం అవసరమైనచోట అంచులు తొలగించి ముద్రించింది.

నలుపు-తెలుపుల పాత్రనూ ఈ కోణంలోనే చూడాలి. దుస్తుల, దుకాణాల రంగులు లేకపోవడంతో చూపు దేహభంగిమల వైపు మళ్లుతుంది. సుద్దగీత, మురికిగోడ, పిల్లవాడి చేయి ఒకే వర్ణశ్రేణిలో కలుస్తాయి. 1959 నుంచి ఆమె రంగుల్లోనూ పనిచేసి తన ముద్రను నిలుపుకుంది. కాబట్టి నలుపు-తెలుపులు శైలికి సాధనమే గాని శైలి కాదు.

చూపులోని బాధ్యత

ఛాయాచిత్రకారిణి వేరొక దిక్కుకు తిరిగి ఉండి పక్కనున్న దృశ్యాన్ని చిత్రించేందుకు వీలిచ్చే వ్యూఫైండర్‌ను లెవిట్ ఉపయోగించింది. పిల్లల సహజత్వం చెదరకపోవడానికి ఇది ఒక కారణం. పిల్లలకు తెలియకుండా వారి రూపాన్ని గ్రహించడం కూడా ఇదే. కవి వర్ణించే శిశువు కావ్యంలో కల్పితం కావచ్చు. ఛాయాచిత్రంలోని శిశువుకు మాత్రం చిత్రం బయట ఒక జీవితం ఉంది. స్వభావోక్తి సిద్ధాంతం ఈ ప్రశ్నను ఎదుర్కోలేదు. చిత్రాలకు పేర్లు పెట్టకుండా చాలావరకు స్థలకాలాలతోనే సరిపెట్టడం, పిల్లల పేదరికాన్ని జాలికి సరుకుగా మార్చకపోవడం లెవిట్ పాటించిన సంయమనాలు. అవి అనుమతికి ప్రత్యామ్నాయం కావు. అయితే వర్ణించబడే వారి పట్ల మర్యాద కూడా శైలిలో భాగమేనని అవి సూచిస్తాయి.

ముగింపు

లెవిట్ శైలి అదనంగా చేర్చిన అలంకరణ వల్ల ఏర్పడలేదు. అమర్చిన వెలుగును, సిద్ధంచేసిన ముఖాన్ని, కథ చెప్పే శీర్షికను ఒక్కొక్కటిగా వదులుకోవడం వల్ల ఏర్పడింది. మిగిలింది ఎంపిక, దూరం, ఓపిక. స్వభావోక్తిలో కర్త ప్రత్యేకత ఎక్కడన్న ప్రశ్నకు ఈ చిత్రాలు ఒక సమాధానం. తెలుగులో బాల్యవర్ణనలను పరిశీలించేటప్పుడు కవి ఏమి చెప్పాడన్నదానితో పాటు ఏమి వదిలాడో, శిశువుకు ఎంత దూరంలో నిలబడ్డాడో కూడా విచారించవలసి ఉంది.