బకెట్లో గోదావరి

కిందటి నెల ఓ ఆదివారం, దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఒక బాలికల హాస్టల్‌కి వెళ్లాను. సంచిలో రెండు సోల్డరింగ్ ఐరన్లు, సీసం తీగ చుట్ట, గుప్పెడు ట్రాన్సిస్టర్లు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనదాన్ని, చేతులు ఊరుకోవు. తొమ్మిది, పది చదివే పిల్లలు డజను మంది వరండాలో చుట్టూ చేరారు. ఏం చేద్దామంటే ఎవరూ నోరు విప్పరు. చివరికి ఒకమ్మాయి, "భద్రాచలంలో గోదారి ఎన్నడుగులుందో టీవీలో చెప్తారు కదా మేడం, ఆ అంకె ఎవరు చూసి చెప్తారు?" అంది.

ఇటువైపు పిల్లలకి ఎక్కాల కంటే ముందే 43, 48, 53 వచ్చేస్తాయి. మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. 2022 జూలైలో నీళ్లు 71 అడుగులు దాటినప్పుడు వీళ్లలో కొందరు ఇళ్లు విడిచి వెళ్లినవాళ్లే.

"సరే, గోదారిని బకెట్లో పెడదాం" అన్నాను.

బ్యాటరీ ప్లస్సు నుంచి ఒక వైరు బకెట్ అడుక్కి. పక్కన మూడు ఎత్తుల్లో మూడు వైర్లు. నీళ్లు ఏ వైరుని తాకితే దాని గుండా చీమంత కరెంటు ట్రాన్సిస్టర్ బేస్‌లోకి పోతుంది. ఆ కాస్త చాలు, ట్రాన్సిస్టర్ తలుపు తీసి ఎల్‌ఈడీ వెలిగేంత కరెంటు వదులుతుంది. బొమ్మ గీసి చెప్తే బుర్రలూపారు. అసలు చదువు ఐరన్ చేతికిచ్చాక మొదలైంది. కొత్తవాళ్లందరూ సీసాన్ని ఐరన్ మొన మీద కరిగించి అతుకు మీద రాల్చబోతారు. అది ముత్యంలా గుండ్రంగా నిలుస్తుంది, చూడ్డానికి బావుంటుంది, లోపల పట్టుండదు. డ్రై సోల్డర్ అంటాం. ముందు వేడెక్కాల్సింది అతకాల్సిన కాలు. అది వేడెక్కితే సీసం దానంతటదే పాకుతుంది.

ఒక జగ్గు పోశాం, పచ్చ లైటు. మరో జగ్గు, పసుపు. మూడో జగ్గుకి ఎర్రది వెలిగీ వెలగనట్టు మిణుకుమంది. కారణం నాకు తెలుసు. చెప్పకుండా కూర్చోవడమే నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. ఇందాక టీవీ సంగతి అడిగిన పిల్లే బోర్డు దగ్గరికి తీసుకుని ట్రాన్సిస్టర్లని ఒక్కొక్కటే గోటితో తడిమింది. "దీని చదును ముఖం అటు తిరిగుంది మేడం." ఎమిటర్, కలెక్టర్ తారుమారు. అలా పెట్టినా అది పూర్తిగా మొరాయించదు, నీరసంగా పనిచేస్తుంది. విప్పింది, తిప్పింది, మళ్లీ అతికింది. ఈసారి ఎర్ర లైటు కళ్లలో పొడిచింది.

నా చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో పాడైతే అన్నయ్య వెనక మూత విప్పేవాడు, నేను టార్చి పట్టుకునేదాన్ని. వాడు రెండు రేడియోల్ని ఎందుకూ పనికిరాకుండా చేశాడు, ఎవరూ ఏమీ అనలేదు. నేనోసారి స్క్రూడ్రైవర్ ముట్టుకుంటే "చెడగొడతావే" అన్నారు. చెడగొట్టే హక్కు లేనివాళ్లకి బాగుచేయడం ఎలా వస్తుంది?

దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన మన అయ్యలసోమయాజుల లలితకి 15 ఏళ్లకి పెళ్లి, 18 ఏళ్లకి వైధవ్యం, ఒళ్లో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్ కాబట్టి ఆ తలుపు తెరుచుకుంది. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నప్పుడు అందులో "అతడు" అని అచ్చయి ఉన్నచోట కొట్టేసి చేత్తో "ఆమె" అని రాశారు. తర్వాత భాక్రా నంగల్ విద్యుత్ లైన్లకి పనిచేసింది. ఆమె పట్టా తీసుకునేనాటికి ఇంకా ట్రాన్సిస్టరే పుట్టలేదు. అది 1947 చివర్లో వచ్చింది.

ఇప్పుడు అమ్మాయికి ఇంజనీరింగ్ వద్దనేవాళ్లు తగ్గారు. కంప్యూటర్స్ అయితే సరే అంటారు. ఎలక్ట్రానిక్స్ అనగానే వాళ్లకి బస్టాండు పక్క సెల్ రిపేర్ షాపు గుర్తొస్తుంది. (ఆ షాపు కుర్రాడి చేతిపనికి నేను దండం పెడతాను, అది వేరే సంగతి.) ఇక ఫోన్ల ఫ్యాక్టరీలేమో ఆడపిల్లల వేళ్లు నాజూకని మెచ్చుకుని వరసలో కూర్చోబెడతాయి. ఆ పొగడ్త నాకు రుచించదు. వేసవిలో తునికాకు యాభై యాభై లెక్కన కట్టలు కట్టే పిల్లకి వేళ్ల గొప్ప ఒకరు చెప్పాలా? ఆ ఫోన్ల లోపలి బోర్డుని గీసే కుర్చీలో కూర్చోవాలి తను.

దారులున్నాయి. పది కాగానే పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడు. బాసర ఆర్జీయూకేటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సు. ఏడాది ఆదాయం 8 లక్షల లోపున్న ఇళ్ల అమ్మాయిలు ఎంపికైతే ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏటా 50,000 రూపాయలు వస్తాయి.

అవన్నీ పది తర్వాత. ఈలోగా మీ ఇంట్లో సెల్లుతో నడిచే పాత రేడియోనో బొమ్మకారో మూలనపడి ఉంటే పారేయకండి. సెల్లు తీసేసి, స్క్రూడ్రైవర్‌తో సహా అమ్మాయి చేతికివ్వండి. టార్చి మాత్రం తమ్ముణ్ని పట్టుకోమనండి.