మూగచిత్రములలో మహానగరము

నగరమును చూచుట వేఱు, నగరములోని మనిషిని చూచుట వేఱు. ఈ భేదమును తెలిసికొనుటకు పది నిమిషముల మూగచిత్రమొకటి చక్కని నిదర్శనము. దాని పేరు ‘మన్‌హట్టా’. పాల్ స్ట్రాండ్, చార్లెస్ షీలర్ అను ఇరువురు అమెరికను కళాకారులు 1920లో న్యూయార్కు నగరమున దానిని తీసిరి. 1921లో అది అచ్చటనే ప్రదర్శింపబడినది. అందు కథ లేదు, నటులు లేరు. కొంతకాలమునకు దాని జాడయే తెలియకపోయినది. 1949లో బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూటునందు ఒక ప్రతి బయటపడుటచే అది మరల లోకమునకు దక్కినది.

చిత్రారంభమున పడవ రేవు చేరును. జనము వెల్లువవలె దిగును. పిదప ఆకాశమునంటు మేడలు, పునాదులకై త్రవ్విన గోతులు, ఉక్కు దూలములు, కప్పులపై పొగలు, బ్రూక్లిన్ వంతెన. తుదకు నదిపై అస్తమయము. కెమేరా చాలవఱకు కదలదు. ప్రతి దృశ్యమును పటము కట్టించిన ఛాయాచిత్రమువలె నిలుచును. ఆ వెలుగునీడల పొందికను మెచ్చుకొనని వాడు రసికుడు కాడు.

అయినను ఒక లోపమును చెప్పక తప్పదు. దృశ్యముల నడుమ వాల్ట్ విట్మన్ కవితాపంక్తులు కనిపించును. విట్మన్ జనసమూహమును కౌగిలించుకొన్న కవి. చిత్రకారులో, మేడపై నిలిచి జనమును చీమల బారువలె చూచిరి. ఒక్క ముఖమైనను మనకు గుర్తుండదు. 1929లో జీగా వెర్తోవ్ తీసిన ‘మూవీ కెమేరాతో మనిషి’ యందు నిద్రలేచు స్త్రీ, సిగరెట్టు పెట్టెలు కట్టుచు నవ్వు కార్మికురాలు, ఆ చిత్రమునే కూర్చుచున్న స్విలోవా మనకు ఎదురగుదురు. అందు వేగము మితిమీరిన మాట నిజమే. కాని అది మనుష్యుల నగరము.

ఈ భేదము మనకేల యనరాదు. పావగడ సీమనుండి బెంగుళూరికి పనికై పోయిన బిడ్డలు మన బలసముద్రపు ఇండ్లలోను కలరు. ఇంట తెలుగు, వీథిని కన్నడము పలుకు ఆ బిడ్డ, మేడపైనుండి చూచువానికి చుక్క మాత్రమే. తల్లికి అట్లు కాదు. నగరమును చిత్రించు కళాకారునకు ఆ తల్లి చూపు కొంతయైన ఉండవలెను.

వేఱొక సంగతి. అదే 1921లో మద్రాసున రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ ‘భీష్మప్రతిజ్ఞ’ను నిర్మించెను. తెలుగువారి తొలి మూగచిత్రమని పేరొందిన ఆ కృతి నేడు లభ్యము కాదు. ‘మన్‌హట్టా’ దక్కినది గనుకనే దాని తప్పొప్పులను ముచ్చటించుకొనుచున్నాము. ‘భీష్మప్రతిజ్ఞ’ను మెచ్చుకొనుటకు గాని, తప్పుపట్టుటకు గాని మనకు అవకాశము లేదు. కావున పెట్టె అడుగున పడియున్న పాత ఛాయాచిత్రముల వెనుక పేరు, ఊరు, సంవత్సరము వ్రాసియుంచుడు. విమర్శకు గాని, అభిమానమునకు గాని ముందు వస్తువు మిగిలియుండవలెను.