గసగసాల కన్నా చిన్న గుల్లలో వానల లెక్క

మైక్రోస్కోపు కింద నల్లటి పళ్లెం, అందులో చిటికెడు తెల్లటి పొడి. ఉత్తి కంటికి అది ముగ్గుపిండి. లెన్సులోంచి చూస్తే మాత్రం గుల్లల కుప్ప: కొన్ని ద్రాక్షగుత్తిలా ఉబ్బిన అరలతో, కొన్ని నత్తలా చుట్ట చుట్టుకుని. ఇవి ఫోరామినిఫెరా. ఒకే కణమున్న ఈ జీవులు నీటిలోని సున్నంతో ఇల్లు కట్టుకుంటాయి. చచ్చాక ఆ ఇల్లు సముద్రం అడుగున బురదలో మిగులుతుంది.

గొట్టం దించి తీసిన ఆ బురదను ముక్కలుగా కోసి, నానబెట్టి, మిల్లీమీటరులో పదహారో వంతు కన్నాలున్న జల్లెడలో కడుగుతారు. బంకమట్టి పోతుంది, గుల్లలు ఆగుతాయి. ఇక సన్నటి కుంచె కొసను తడిపి, కావలసిన జాతిని ఒక్కొక్కటిగా ఏరాలి. ఏ జాతి ఎంత ఉందో చెప్పాలంటే నమూనాకు మూడొందలైనా లెక్కపెట్టడం ఆనవాయితీ. బియ్యంలో రాళ్లేరిన చేతులకు ఇది కొత్త పనేం కాదు. కాకపోతే ఇక్కడ తుమ్ము వచ్చిందా, పొద్దుటి నుంచి ఏరినదంతా గాలిపాలే.

ఇంత శ్రమా గుల్లలోని ఆక్సిజన్ కోసం. అందులో తేలిక రకం పరమాణువు బరువు 16, బరువైన రకానిది 18. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికది ముందు లేస్తుంది. చల్లటి నీటిలో కట్టిన గుల్లలో బరువైనది ఎక్కువ చేరుతుంది. 1955లో శాస్త్రవేత్త చెజారే ఎమిలియాని ఈ లెక్కతోనే పాత సముద్రాల ఉష్ణోగ్రతలు చెప్పాడు. 1967లో మరో శాస్త్రవేత్త నికోలస్ షాకిల్టన్ అడ్డుతగిలాడు: సముద్రం అడుగున బతికే జాతుల్లోనూ దాదాపు అంతే మార్పు ఉంది, అక్కడి నీరు ఎలాగూ గడ్డకట్టేంత చల్లన, ఇంకెంత చల్లబడుతుంది? కాబట్టి మార్పులో ఎక్కువ పాలు మంచుది. తేలిక నీరు నేల మీద మంచై చిక్కుకుపోతే సముద్రం బరువెక్కుతుంది. ఈ శాస్త్రం మొత్తంలో నాకు ముచ్చటగొలిపే వాదం ఇదే.

మంచు లెక్కే కాదు, వానల లెక్కా ఈ గుల్లల్లో దొరుకుతుంది. మన తీరంలో 2006లో సముద్రం అడుగును తవ్వే జాయిడెస్ రిజల్యూషన్ నౌక గ్యాస్ హైడ్రేట్ల కోసం కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వింది. గ్యాస్ వెతుకులాటలో పైకొచ్చిన బురదలో పదివేల ఏళ్ల వానల జాడ దొరికింది. గ్లోబిజెరినాయిడెస్ రూబర్ నీటి పైపొరలో బతికే జాతి. గోదావరి వరద కలిస్తే ఆ పొరలో ఉప్పూ తగ్గుతుంది, బరువు ఆక్సిజన్ పాలూ తగ్గుతుంది. వానలు వెనకబడితే రెండూ పెరుగుతాయి. గత 3,000 ఏళ్లలో నీరు బాగా ఉప్పెక్కిన కాలాలున్నాయని ఆ గుల్లలు చెప్పాయి. అయితే నీరు చల్లబడినా గుల్ల ఇదే మాట చెబుతుంది కదా! అందుకని రెండో సాక్షిని పిలవాలి. నది మోసుకొచ్చిన ఆకుల మైనం అదే బురదలో ఉంది. 4,000 ఏళ్ల కిందట మొదలై 1,700 ఏళ్ల కిందటి వరకు పరీవాహక ప్రాంతంలో నీటి ఎద్దడిని ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చాయని ఆ మైనం చూపింది. 2012లో వెలువడిన ఈ పరిశోధనలో నాకు నచ్చింది ఈ సాక్షుల జోడీయే. వేరేచోట్ల గుల్లలోని మెగ్నీషియంను సాక్షిగా పిలుస్తారు. నీరు వెచ్చబడితే అది ఎక్కువ చేరుతుంది.

అదే నౌక 2014 చివర్లో బంగాళాఖాతానికి మళ్లీ వచ్చి, రుతుపవనాల చరిత్ర కోసమే తవ్వింది. ఆ బురద గొట్టాలు ఇప్పుడు కోచిలో ఉన్నాయి. మన కొచ్చి అనుకునేరు, జపాన్‌లోని కోచి. మన వానల సంగతి కావాలంటే అక్కడి చలిగదికి అర్జీ పెట్టుకోవాలి.