పోర్షెకు పళ్ళు చూడటం

మా నాన్న సంతలో ఎద్దును చూసే తీరు నాకింకా గుర్తు. ముందు పది గజాల దూరంలో నిలబడి, అది ఏ కాలి మీద బరువు వేస్తోందో చూసేవారు. తర్వాత దగ్గరికి వెళ్ళి దవడ పట్టి, నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టేవారు. గిట్టలు ఎత్తించి చూసి, మెడ మీద కాడి రాసిన కాయ తడిమేవారు. కాయ లేని మెడ ఎంత నునుపుగా ఉన్నా ఆయనకు నచ్చేది కాదు. ఇంత చూశాక కూడా బండికి కట్టి, చెరువు కట్ట ఎక్కించి దించితే గానీ తువ్వాలు కింద చెయ్యి కలిపి బేరమాడేవారు కాదు. ఇంటికొచ్చే దారిలో ఒక మాట అనేవారు: "ఎద్దును చూడటం అందరూ చూస్తారు. అది మేసిన ఇల్లు చూడాల్రా."

కాలిఫోర్నియాలో ఎవరిదో గ్యారేజీలో, 1988 నాటి పోర్షె 911 కింద టార్చిలైటు పట్టుకుని వెల్లకిలా పడుకున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. నేను చేస్తున్నదీ ఆ పనే.

బే ఏరియాలో నాకు తెలిసిన తెలుగువాళ్ళలో, పిల్లలు కాలేజీ వయసుకు వచ్చి చేతికి కాస్త ఖాళీ దొరికినవాళ్ళు, ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "అన్నా, శని ఆదివారాలు నడుపుకోవాలి, పెట్టిన డబ్బు కరగకూడదు. ఏ పాత స్పోర్ట్స్ కారు తీసుకోమంటావ్?" నేను 911 పేరే చెబుతాను. ప్రతిష్ఠ కోసం కాదు. అరవై ఏళ్ళుగా ఒకే ఆకారం, ఒకే పద్ధతి చుట్టూ పెరుగుతూ వచ్చిన కారు అది. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. దాని మీదే చెయ్యి తిరిగిన మెకానిక్కులు ఉన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, దాని జబ్బులు అందరికీ తెలిసినవే, వాటికి మందులూ తెలిసినవే. జబ్బే లేని పాత కారు ఉండదు. ఏ జబ్బో తెలియని కారును మాత్రం కొనకూడదు.

ఈ కారు 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో 901 అన్న పేరుతో బయటికొచ్చింది. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు ఫ్రాన్సులో తమవని పెజో కంపెనీ అడ్డు చెప్పడంతో 911 అయింది. ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షె గీసిన ఆ గీత చూడగానే గుర్తుపట్టేలా ఇవాళ్టికీ నిలిచే ఉంది. ఇంజనులో సిలిండర్లు అటు మూడు, ఇటు మూడు పడుకుని ఉంటాయి. ఆ ఇంజను మొత్తం వెనక ఇరుసు దాటి, తోక దగ్గర వేలాడుతుంది. మొదటి ముప్పై అయిదేళ్ళు దానికి రేడియేటరు లేదు, నీళ్ళు లేవు. ఒక పెద్ద ఫ్యాను విసిరే గాలి, లోపల తిరిగే ఆయిల్, ఈ రెండే చల్లబరిచేవి. 1980ల నాటి 911 అయిన కరెరా 3.2లో ఆ ఆయిలు పదమూడు లీటర్ల దాకా పడుతుంది. పొగ నిబంధనలు, చప్పుడు నిబంధనలు బిగిసేకొద్దీ గాలితో నెట్టుకురావడం కష్టమైంది. 1998లో 993 మోడలుతో గాలి ఇంజన్ల తయారీ ఆగిపోయింది.

విలువ సంగతి అక్కడే మొదలవుతుంది. కొత్తవి రావు, ఉన్నవాటిలో ప్రతి ఏటా కొన్ని గుద్దుకుంటాయి, కొన్ని తుప్పు పడతాయి. చిన్నప్పుడు గది గోడ మీద దాని పోస్టరు అంటించుకున్న తరం చేతికి ఇప్పుడు డబ్బొచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో 2009లో మొదలైన సింగర్ అనే సంస్థ 964 మోడళ్ళను విప్పి, నగిషీ పనిలా మళ్ళీ కట్టడంతో కొత్తవాళ్ళ చూపూ పాత 911ల మీద పడింది. ఈ శతాబ్దం మొదట్లో ఇరవై వేల డాలర్ల చుట్టుపక్కల దొరికిన కరెరా 3.2 ఇప్పుడు దానికి కొన్ని రెట్లు పలుకుతోంది.

ఏ కాలంది కొనాలన్న దగ్గర నాకు గట్టి అభిప్రాయమే ఉంది. 1984 నుంచి 1989 దాకా వచ్చిన కరెరా 3.2, అందులోనూ 1987 తర్వాతది. అంతకు ముందు కార్లలోని 915 గేరుబాక్సుకు రెండో గేరు దగ్గర మొండితనం ఉండేది; 1987 నుంచి జి50 అనే కొత్త గేరుబాక్సు, హైడ్రాలిక్ క్లచ్చి వచ్చాయి. దానికంటే పాతదైన ఎస్‌సీ కూడా మంచి కారే, కానీ ఇంజను తలను బిగించి ఉంచే స్టడ్డులు విరుగుతాయి, వాటిని చూపించుకోవాలి. ఆ తర్వాత వచ్చిన 964, 993 మరింత సుఖం, మరింత ఖరీదు. మాన్యువల్ గేర్లున్న కారుకూ ఆటోమేటిక్‌కూ అమ్మే రోజున ధరలో పెద్ద తేడా వస్తుంది. కొనేటప్పుడు మాన్యువల్‌కు కాస్త ఎక్కువ పెట్టక తప్పదు.

అంత పెట్టలేనివారికి 996 ఉంది. నీళ్ళతో చల్లబడే మొదటి 911 అది. ముందు భాగం చవకైన బాక్‌స్టర్‌తో కలిసిపోయిందని, హెడ్‌లైట్లు గుండ్రంగా లేవని ఎందరో దాన్ని చిన్నచూపు చూశారు. అందువల్ల ఎన్నో ఏళ్ళు అది చవగ్గానే దొరికింది. నడపడానికి అద్భుతమైన కారు. అయితే దానికో పెద్ద జబ్బుంది, దాన్ని వివరంగా చెప్పాలి.

క్రాంక్‌షాఫ్టు తిరుగుడును క్యామ్‌షాఫ్టులకు అందించడానికి ఆ ఇంజనులో మధ్యలో ఒక షాఫ్టు ఉంటుంది. దాని ఒక చివర మూసి ఉన్న బాల్ బేరింగు మీద తిరుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ బేరింగు లోపలి గ్రీజు కరిగిపోతుంది, మూత ఉండటం వల్ల శుభ్రమైన ఆయిలు సరిగా అందదు. అది విరిగిందంటే గొలుసులు లయ తప్పుతాయి, పిస్టన్లు వెళ్ళి వాల్వులకు కొట్టుకుంటాయి, ఇంజను మొత్తం పోతుంది. ఆ బేరింగునే అందరూ ఐఎంఎస్, అంటే ఇంటర్మీడియట్ షాఫ్ట్, బేరింగు అంటారు. 2001 నుంచి 2005 వరకు వచ్చిన కార్ల గురించి అమెరికాలో యజమానులంతా కలిసి కేసు వేసి పరిహారానికి ఒప్పందం కూడా చేసుకున్నారు. 2006–08 కార్లలో బేరింగు పెద్దది, బలమైంది. కాకపోతే ఇంజను విప్పకుండా బయటికి రాదు. 2009 నుంచి ఆ షాఫ్టే లేని కొత్త ఇంజను వచ్చింది. హాన్స్ మెజ్గర్ పేరుతో పిలిచే వేరే ఇంజను ఉన్న టర్బో, జీటీ3 కార్లకు ఈ బాధ మొదటినుంచీ లేదు.

ఇది విని చాలామంది బెదిరిపోతారు. బెదరక్కర్లేదు. క్లచ్చి మార్చేటప్పుడు గేరుబాక్సు ఎలాగూ దించుతారు. 2005 దాకా వచ్చిన కార్లలో అదే కూలితో మంచి బేరింగు వేయించుకోవచ్చు. "ఎప్పుడు మార్చారు, ఏది వేశారు, రసీదు ఏది?" అని అడగండి. ఎక్కువగా నిలబెట్టిన, ఆయిలు మార్చని కార్లకే ఇది ఎక్కువ వస్తుందని ఈ ఇంజన్లు విప్పే మెకానిక్కులు చెబుతారు. మా నాన్న తడిమిన కాడి కాయ ఇదే.

ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొదట నాకు నచ్చింది ఎర్రటి 996, పదిహేడేళ్ళలో పన్నెండు వేల మైళ్ళే తిరిగింది. అద్దంలా ఉంది. బయానా ఇవ్వబోయాను. అంతలో టైరు పక్కన చెక్కిన నాలుగంకెల మీద కన్ను పడింది. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని లెక్క. ఆ లెక్కన ఈ కారు టైర్లకు పదకొండేళ్ళు. ఆయిలు మార్చిన చివరి రసీదు నాలుగేళ్ళ నాటిది. పోర్షెలు మాత్రమే చూసే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఆయిల్ ఫిల్టరును కోసి, మడతలు విప్పి వెలుతురుకు పట్టి చూపించాడు. కాగితం మీద బేరింగు ఇనుము సన్నటి మెరుపుగా అంటుకుని ఉంది. ఆ పరీక్షకు నేనిచ్చిన కొన్ని వందల డాలర్లు ఈ వ్యవహారం మొత్తంలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు.

ఇప్పుడు కారు చూడటానికి వెళ్తే నా వరస ఇలా ఉంటుంది. నేను వచ్చేదాకా స్టార్టు చేయొద్దని ముందురోజే అమ్మేవారికి చెబుతాను. వెళ్ళగానే వెనక మూత మీద చెయ్యి పెడతాను. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారేమోనని అనుమానించాల్సిందే. చల్లటి ఇంజను స్టార్టయ్యే క్షణంలో పుట్టే చప్పుళ్ళే నిజం చెబుతాయి. నీలంగా ఒక పొగ వచ్చి పోతే కంగారు పడను. పడుకున్న సిలిండర్లలో రాత్రంతా కాస్త ఆయిలు దిగుతుంది. అర నిమిషం దాటినా ఆగకపోతే ఆలోచిస్తాను. 996లో, దాని తర్వాత వచ్చిన 997లో రెండు సైలెన్సర్ గొట్టాల్లోనూ వేలు తిప్పి చూస్తాను. ఒకదానికి మసి మరీ ఎక్కువ పడితే ఆ పక్క సిలిండర్ల గోడలు గీసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు సన్నటి కెమెరా లోపలికి దించి చూడాల్సిందే.

గాలి ఇంజనుకు ఆయిలు కొలత వేరు. అది అడుగున కాక పక్కన విడిగా ఉన్న ట్యాంకులో ఉంటుంది. బండి బాగా వేడెక్కాక, చదునైన చోట, ఇంజను తిరుగుతుండగానే పుల్ల తీసి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువైందని పోసి, ట్యాంకు పొర్లించేవారు చాలామంది. అమ్మేవారికి ఈ చిన్న సంగతి తెలుసా లేదా అన్నది నాకు చాలా చెబుతుంది.

తర్వాత ఒళ్ళు. 1970ల మధ్య నుంచి పోర్షె రేకులకు జింకు పూత వచ్చింది, అయినా తుప్పు తన దారి వెతుక్కుంటుంది. ముందు బానెట్ కింద బ్యాటరీ చుట్టూ, అద్దం అంచుల్లో, జాకీ పెట్టే చోట గోరుతో గీకి చూడాలి. రంగు మందం కొలిచే చిన్న మీటరు కొనుక్కోండి. ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక తలుపు దగ్గర ఉన్నట్టుండి 400 చూపిస్తే, అక్కడ లప్పం ఉంది, దాని వెనక ఒక దెబ్బ ఉంది.

ఇక మెకానిక్కు పని. ఆరు సిలిండర్లలోకీ గాలి ఎక్కించి ఎంత కారిపోతోందో కొలుస్తారు. అంకె తక్కువగా ఉండటంతో పాటు ఆరూ దగ్గర దగ్గరగా ఉండాలి. 996 నుంచి వచ్చిన కార్ల కంప్యూటరు ఇంకో రహస్యం చెబుతుంది: ఇంజను దాని హద్దు దాటి ఎన్నిసార్లు, ఎన్నో గంట దగ్గర తిరిగిందో రాసుకుంటుంది. నాలుగో గేరుకు వెళ్ళబోయి పొరపాటున రెండో గేరు వేసినవాడి తప్పు ఎంత పాలిష్ పెట్టినా ఆ చిట్టాలోంచి చెరగదు.

మిగిలింది కాగితం. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పుట్టుకతో వచ్చినవేనా, ముందు మూత లోపల అంటించిన ఆప్షన్ల చీటీ ఉందా, టైటిల్ శుభ్రంగా ఉందా. అన్నిటికన్నా నేను ఎక్కువ సేపు చూసేది రసీదుల ఫైలు. కరెరా 3.2కి పదిహేను వేల మైళ్ళకోసారి వాల్వులు సరిచేయాలి. మైళ్ళు, తేదీలు, ఊళ్ళు కలుపుకుంటూ పోతే ఒక మనిషి తన బండిని ఎలా చూసుకున్నాడో కథలా తెలుస్తుంది. లక్ష మైళ్ళు తిరిగి మందపాటి ఫైలున్న కారును, ముప్పై వేల మైళ్ళు తిరిగి ఏ కాగితమూ లేని కారుకంటే ముందు కొంటాను.

పెట్టుబడి అన్నారు కాబట్టి మనసులో మాట చెబుతాను. పిల్లల చదువుకు దాచిన డబ్బు ఇందులో పెట్టకండి. ధరలు పదేళ్ళుగా పైకే చూసినా మధ్యలో మెత్తబడిన ఏళ్ళున్నాయి. ఇన్సూరెన్సు, టైర్లు, ఆయిలు, అనుకోని రిపేర్లు ఏటా తింటాయి. బండి విలువ ఇంత అని ముందే రాసుకునే పాలసీ తీసుకోండి. మామూలు పాలసీలో ప్రమాదం జరిగితే పాత కారు లెక్క కట్టి చేతిలో పెడతారు. కాలిఫోర్నియాలోనైతే 1976 మోడలు నుంచి వచ్చిన పాత పెట్రోలు కార్లకు రెండేళ్ళకోసారి పొగ పరీక్ష తప్పదు. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరు తీసి పారేసిన కారు అక్కడే ఆగిపోతుంది. ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని అడిగేవారికి: భారతదేశానికి తెచ్చే వాడిన కారు మూడేళ్ళకు మించకూడదు, స్టీరింగు కుడివైపే ఉండాలి. ఇక్కడి కారు ఇక్కడే. ఇంత చెప్పినా, కొత్త కారు షోరూము దాటగానే పోగొట్టే డబ్బుతో పోలిస్తే, బాగా ఎంచుకున్న 911 ఏళ్ళ తరబడి నడిపించుకుని కూడా అసలు తిరిగి ఇవ్వగలదు.

వడ్డీ ఎక్కడ వస్తుందో నాకు తెలుసు. సారటోగా నుంచి 9వ నంబరు రోడ్డు కొండెక్కి స్కైలైన్ దగ్గర 35ను కలుస్తుంది. ఆదివారం పొద్దున్నే, సైకిళ్ళవాళ్ళు లేవకముందే బయల్దేరతాను. చివరికి నేను కొన్న కరెరాకు పవర్ స్టీరింగు లేదు. రోడ్డు మీద చిన్న అతుకు కూడా అరచేతికి తెలుస్తుంది. బరువంతా వెనకే కాబట్టి మలుపులోకి వేగంగా దూసుకెళ్ళి, భయపడి పెడల్ వదిలేస్తే తోక పక్కకు తిరుగుతుంది. నెమ్మదిగా లోపలికి వెళ్ళాలి, మధ్యలో నుంచి నిలకడగా తొక్కాలి. అప్పుడు వెనక చక్రాలు నేలను అదిమి పట్టుకుని బండిని తోస్తాయి. అది ఒంటికి పట్టడానికి నాకు ఏడాది పట్టింది. ఇంజను చప్పుడు వెనకనుంచి, కుట్టుమిషను పరుగెత్తినట్టు మొదలై, ఆర్‌పీఎం నాలుగు వేలు దాటాక గర్జనలోకి మారుతుంది.

కిందటి వేసవిలో నాన్న వచ్చారు. గ్యారేజీలో కారు చుట్టూ ఒకసారి తిరిగారు. కొంచెం దూరం వెళ్ళి నిలబడి చూశారు. సీటు అంచున తోలు అరిగిన చోట వేలితో రాశారు. ధర అడగలేదు.

"ఎవరింట్లో ఉండిందిరా ఇది?"

లోపలినుంచి ఫైలు తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఇంగ్లీషు ఆయనకు రాదు. అంకెలు వచ్చు. మొదటి రసీదు మీద తేదీ చూసి 1988 అని పైకి చదివారు. తర్వాత వేలు తడి చేసుకుని, ఒక్కొక్క కాగితమే తిప్పుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.