డబ్బులడగడం నేర్పే పుస్తకం

మైక్ మాంటేరో రాసిన ‘డిజైన్ ఈజ్ ఎ జాబ్’ 2012లో వచ్చింది. పేరు చూసి, ఇది డిజైనర్ల గొడవ, మనకెందుకని ప్రోగ్రామర్లు పక్కన పెట్టేస్తారు. తీరా చదివితే రంగుల గురించీ ఫాంట్ల గురించీ ఇందులో దాదాపు ఏమీ ఉండదు. క్లయింట్లని ఎలా వెతుక్కోవాలి, ఎవరికి కుదరదని చెప్పాలి, ఎంత అడగాలి, కాగితం మీద ఏం రాసుకోవాలి, చేసిన పనికి డబ్బెలా రాబట్టుకోవాలి, ఇవీ అధ్యాయాలు. దీనికి ఏడాది ముందు, 2011లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రియేటివ్ మార్నింగ్స్ వేదిక మీద ఆయన ఇచ్చిన ప్రసంగం పుస్తకం కన్నా ప్రసిద్ధం. దాని పేరు ‘గుడ్‌ఫెల్లాస్’ సినిమాలోంచి తీసుకున్నాడు. బూతుతో మొదలై ‘పే మీ’తో ముగుస్తుంది. పక్కన తన లాయర్ని కూర్చోబెట్టుకుని మరీ మాట్లాడతాడు.

రెండేళ్ళ క్రితం ఉద్యోగం మానేసి సొంతంగా పని చేసుకోవడం మొదలుపెట్టినప్పట్నుంచీ ఈ పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి ధైర్యం కోసం చదివాను, దొరికింది. ఆ తర్వాత రెండుసార్లూ అనుమానంతో చదివాను.

ముందు మంచి చెప్పాలి. క్లయింట్లని తిట్టుకుంటూ కూర్చోవడం మాంటేరోకి అసలు నచ్చదు. క్లయింట్ గజిబిజిగా మాట్లాడుతున్నాడంటే, చాలాసార్లు అతను భయపడుతున్నాడని అర్థం. అతని డబ్బు పోతోంది, చేతికి ఏమొస్తుందో తెలీదు. ఆ భయాన్ని తీర్చాల్సింది మనమేనంటాడు. ఇది సానుభూతి కాదు, వృత్తి ధర్మం. ‘సాధించే క్లయింట్’ అని మనం ముద్ర వేసేవాళ్ళలో సగం మంది, పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పకపోవడం వల్ల అలా తయారైనవాళ్ళే. మిగతా సగం గురించే కాంట్రాక్టు.

ఆ కాంట్రాక్టు అధ్యాయం దగ్గరే నాకు శ్రీనాథుడు గుర్తొస్తాడు. ఆయన చివరి రోజుల మీద ప్రచారంలో ఉన్న చాటువు మనందరికీ తెలుసు. నిజంగా ఆయనదేనా అన్న చర్చ అలా ఉంచుదాం. కనకాభిషేకం చేయించుకున్న కవి, ఆదరించే రాజులు లేక, కృష్ణ ఒడ్డున పొలం చేస్తాడు. పంటని వరద కొంత, పిట్టలు కొంత తీసుకుపోతాయి. ఏడు నూర్ల టంకాలు మాత్రం కట్టి తీరాలి. మన విమర్శకులు దీన్ని కాలమహిమగా, కవి పతనంగా చదివారు. నాకిప్పుడది ఒక చెడ్డ కాంట్రాక్టులా కనిపిస్తోంది. పంటలో ఇంత పాలు అని కుదుర్చుకుని ఉంటే నష్టం ఇద్దరూ పంచుకునేవాళ్ళు. ఇన్ని టంకాలని కుదరడం వల్ల వరద మొత్తం ఒక్కడి నెత్తిన పడింది. ఏ ఒప్పందాన్నైనా ఇలాగే చదవొచ్చు. వరదొస్తే ఎవరి నెత్తిన పడుతుందో అది ముందే చెప్పేస్తుంది.

అలా చదవడం అలవాటయ్యాక కాంట్రాక్టులు సాహిత్యంలా కనిపిస్తాయి. ‘క్లయింట్ సంతృప్తి చెందిన పిమ్మట చెల్లింపు’ అన్న వాక్యం చూడండి. సంతృప్తికి కొలత లేదు, గడువు లేదు. మన ప్రబంధ నాయికలే అంత తేలిగ్గా సంతృప్తి చెందరు. దాని స్థానంలో ‘పని అప్పజెప్పిన పది రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే’ అని రాయించుకుంటే వరద దిశ మారుతుంది. అప్‌వర్క్ లాంటి చోట్ల ఫిక్స్‌డ్ ప్రైస్ పనులకి ఈ ఏర్పాటు ముందే ఉంది. మైల్‌స్టోన్ డబ్బు ముందుగా జమ కావాలి, పని అప్పజెప్పాక క్లయింట్ పద్నాలుగు రోజులు పలక్కపోతే డబ్బు దానంతటదే విడుదలవుతుంది. ఇంకో వాక్యం, ‘ఏ నష్టం వాటిల్లినా కాంట్రాక్టరే భరించవలెను’. అరవై వేల పనికి అపరిమితమైన పూచీ! నేనిప్పుడు దీని పక్కన ‘ఈ పనికి అందిన మొత్తానికి మించకుండా’ అని చేర్చి పంపుతాను. చాలామంది ఒప్పుకున్నారు. ఒకరు ఒప్పుకోలేదు, ఆ పని నేనూ ఒప్పుకోలేదు.

మాంటేరో గట్టిగా చెప్పే మరో సంగతి, పూర్తి డబ్బు ముట్టేదాకా పని మీద హక్కులు క్లయింట్‌కి వెళ్ళకూడదని. ఇది చదివి అమెరికా ముచ్చట అనుకున్నాను కానీ, మన 1957 కాపీరైట్ చట్టం ఈ విషయంలో మనకి బాగానే అండగా ఉంది. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిది. ఫ్రీలాన్సర్ రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, రాసినవాడిదే. హక్కులు బదిలీ చేయాలంటే సంతకంతో కాగితం ఉండాలి. ఎంతకాలానికో అందులో రాయకపోతే అయిదేళ్ళకే లెక్క. అన్నట్టు, ఆ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచనల్లోనే చేర్చింది. మనం రాసే కోడ్‌కి ఇంతకు మించిన సాహితీ గౌరవం ఇంకెక్కడా దొరకదేమో.

ఇక నా అనుమానం. ఈ పుస్తకం బలం కోపం. కోపం వెనక లాయరున్నాడు. లాయర్లతో లాయర్లే మాట్లాడాలన్నది ఆయన సూత్రం, స్టూడియో నడిపే మనిషికి అది సరిపోతుంది. గచ్చిబౌలిలో అద్దె గదిలోంచి పని చేసే ఒంటరి మనిషికి రావాల్సింది నలభై వేలైతే, లాయర్ మాట్లాడే లోపు ఆ నలభై వేలూ ఆయనకే సరిపోతాయి. కోపానికీ కొంత మూలధనం కావాలన్న సంగతి మాంటేరోకి తట్టలేదు. లాయర్ లేనివాడు ఏం చేయాలో ఆ పేజీల్లో దాదాపు లేదు.

మనకున్న దారి వేరే. 2006 నాటి ఎమ్ఎస్ఎమ్ఈడీ చట్టం ప్రకారం, చిన్న సంస్థగా నమోదైనవాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బుని దేశంలోని క్లయింట్ 45 రోజులకి మించి ఆపకూడదు. ఆపితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. ఒంటరి ఫ్రీలాన్సర్ కూడా ఉద్యమ్‌లో ఉచితంగా నమోదు కావొచ్చు, పని మొదలెట్టక ముందే అయితే మేలు. ఇన్వాయిస్ అడుగున ఈ ఒక్క వాక్యం చేర్చాక నాకు డబ్బులు తొందరగా వస్తున్నాయి. వడ్డీ ఎవర్నీ అడగలేదు. అడగొచ్చని వాళ్ళకి తెలియడమే సరిపోతోంది.

అయినా అసలు చిక్కు చట్టంలో లేదు. మన దగ్గర గట్టి క్లయింట్ ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. ‘తమ్ముడూ, మనలో మనకి కాగితాలెందుకు’ అంటాడు. నాకో పెద్దాయన తగిలాడు, వాళ్ళ ఆఫీసుకి వెళ్తే భోజనం పెట్టకుండా పంపేవాడు కాదు. మూడు నెలల పనిలో ‘చిన్న మార్పు’ అన్న మాట ఎన్నిసార్లు వాడాడో! ప్రతి చిన్న మార్పుకీ ఒక వారం. డబ్బు ఊసెత్తితే ‘నేనెక్కడికి పోతాను తమ్ముడూ’ అనేవాడు. నిజమే, ఎక్కడికీ పోలేదు. సగం డబ్బు కూడా అక్కడే ఉంది. ఇలాంటి మనిషి మీద మాంటేరో కోపం పని చేయదు. తమ్ముడూ అన్నవాడికి లాయర్ నోటీసు పంపితే ఊరంతా మనల్నే తప్పుపడుతుంది. ఆ వరస కలపడం దానంతటదే ఒక క్లాజు. వరద తమ్ముడి నెత్తిన పడాలని అందులో రాసుంటుంది, కాకపోతే కనపడదు.

మొహమాటానికి ఇంగ్లీషులో సరైన మాట లేదు. పుస్తకమంతా దాని గురించే అయినా పేరు తెలీని జబ్బుకి మందు రాసినట్టుంటుంది. మనకి కావాల్సింది తిరగబడటం కాదు, వరసని ఒప్పుకుంటూనే కాగితం పెట్టడం. ‘అన్నా, ఇందాక ఫోన్లో అనుకున్నవి మళ్ళీ మర్చిపోతానని రాసి పంపుతున్నా, ఒకసారి చూసి సరే అనండి’ అని నాలుగు వాక్యాల మెయిల్. ఏం చేస్తాను, ఎప్పటికి, ఎంతకి, రెండు మార్పుల తర్వాత గంటకి ఎంత. ఈమెయిళ్ళ మీద కుదిరిన ఒప్పందం ఎలక్ట్రానిక్ అన్న ఒక్క కారణంగా చెల్లకుండా పోదని మన ఐటీ చట్టం సెక్షన్ 10ఎ చెబుతోంది. ఆయన ‘ఓకే తమ్ముడూ’ అని జవాబిస్తే, ఆ తమ్ముడుతో సహా అది ఒప్పందమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కాంట్రాక్టుల అధ్యాయం ముందు చదవండి, క్లయింట్లని ఎంచుకోవడం మీద రాసినది తర్వాత. డిజైన్ ప్రెజెంట్ చేయడం మీద ఉన్న పేజీలు ప్రోగ్రామర్లు వదిలేసినా నష్టం లేదు. ప్రసంగం వీడియో మాత్రం అమ్మానాన్నలు పక్కన లేనప్పుడు చూడండి.